మూడో గది జవాబులు

మా ఆస్పత్రిలో కంటి సర్వేకి మూడు గదులు. ఒకటో గదికి వెళ్లొచ్చినవాళ్లలో నూటికి ఆరుగురికి దిగులు జబ్బు ఉన్నట్టు తేలింది. రెండో గదిలో ఏడుగురికి. నా గదిలో, అంటే మూడో గదిలో, పంతొమ్మిది మందికి. ఈ లెక్క తీసింది మా లెక్కల పిల్ల. ఒళ్లో ఎప్పుడూ లాప్‌టాప్, నోట్లో ఎప్పుడూ పెన్ను మూత, వయసు నా కూతురంత. ఆ పిల్ల లెక్కలో తప్పు లేదని ముందే ఒప్పేసుకుంటున్నాను. తప్పు నాది. అయినా ఆ రోజు పెద్ద డాక్టరు గదిలో నిలబడి నేను అరిచిన అరుపు కింది అంతస్తులో మందుల కౌంటరు దాకా వినిపించిందట.

"జనాన్ని అడగకుండా ఫారాలు మీరే కూర్చుని నింపేశారా?" అని అడిగాడాయన.

"నేను కూర్చోవడం మీరెప్పుడైనా చూశారా సార్? ఇరవై రెండేళ్లలో ఒక్క ఫొటో చెడగొట్టానా? ఒక్క ఫారం ఎగ్గొట్టానా? అంత అనుమానముంటే నా గదికి తాళం వేసేయండి, తాళంచెవి మీరే పెట్టుకోండి!"

ఆయన నెమ్మదస్తుడు. గొంతు పెంచడు. అదే నాకు ఒళ్లు మండించే సంగతి. ఎదుటి మనిషి అరిస్తే నాకు కాస్త ఊపిరాడుతుంది.

నా పనేమిటో చెప్పాలి. నేను కంటి లోపలి ఫొటోలు తీస్తాను. కంటిపాపలోంచి చూస్తే వెనకాల నారింజ రంగు గోడ ఒకటి కనిపిస్తుంది. షుగరు ఉన్నవాళ్లకు ఆ గోడ మీద సూదిమొనంత రక్తపు చుక్కలు వస్తాయి. నీటికాసులు, అదే గ్లకోమా, ఉన్నవాళ్లకు కంటి నరం మొదట్లో గుంట పడుతుంది. చూపు తగ్గిందని మనిషికి తెలిసేసరికి జబ్బు సగం పని కానిచ్చేసి ఉంటుంది. మా అత్తగారికి అలాగే ఎడమ కన్ను పోయింది. కుడి కన్ను మాత్రం నా కెమెరా ముందు కూర్చోబెట్టి దక్కించాను. ఇప్పుడు ఫొటో చూసి జబ్బు చెప్పే కంప్యూటరు కూడా వచ్చింది. అది చెప్పేలోపే నేను చెప్పేస్తానని మా వాళ్లందరికీ తెలుసు.

సర్వే అంటే, ఊళ్లో పెద్దవాళ్లను మూడున్నర వేల మందిని ఏడాదికోసారి పిలుస్తాం. వారానికి రెండు రోజులు ఇదే పని. కళ్లు చూడటంతో పాటు మనసు సంగతి తొమ్మిది ప్రశ్నలు అడుగుతాం. నిద్ర పడుతోందా, తిండి సహిస్తోందా, దేనిమీదైనా మనసు నిలుస్తోందా, ఇలాంటివి. చూపు తగ్గేవాళ్లలో దిగులు ఎంత పెరుగుతోందో, ఏ పేటలో ఎక్కువో, ఏ ఏడాది ఎక్కువో ఊరంతటికీ కలిపి లెక్క కడతారు. తొమ్మిదో ప్రశ్న అన్నిటికన్నా బరువైనది. బతకడం కంటే పోవడమే నయమని అనిపిస్తోందా అన్నది ఆ ప్రశ్న. దానికి ఎవరైనా అవునంటే గులాబీ రంగు చీటీ రాసి ఆ రోజే పైకి పంపాలి. పెద్ద డాక్టరు సంతకమయ్యాక అది మనసు డాక్టరమ్మ చేతికి వెళ్తుంది. ఆవిడ ఫోను చేసి ఆ మనిషిని పిలిపిస్తుంది.

అడిగే పద్ధతికి రూలుంది. ప్రశ్న చదవాలి, జవాబు రాయాలి, అంతే. అయ్యో అనకూడదు. తలాడించకూడదు. గొంతులో జాలి వినపడకూడదు, విసుగు వినపడకూడదు. నా నోటికి ఇదెంత శిక్షో మా ఆయన్నడగండి. ఆ పనిలో ఉన్నంతసేపూ నా గొంతు రైల్వే స్టేషన్ అనౌన్సుమెంటులా ఉంటుంది.

ఇక నా తప్పు. రూలు ప్రకారం ముందు ప్రశ్నలు. వెలుతురున్న చోట, బల్లకు అటూ ఇటూ కూర్చుని, మొహాలు చూసుకుంటూ అడగాలి. ఆ తర్వాత నర్సు కంట్లో చుక్కలు వేస్తుంది. కంటిపాప పెద్దదవడానికి ఇరవై నిమిషాలు చీకటి గదిలో ఉంచి, అప్పుడు ఫొటో తీయాలి. ఆ ఇరవై నిమిషాలు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడం నా ఒంటికి పడలేదు. మొదటి వారంలోనే వరస మార్చేశాను. ముందు చుక్కలు వేయించి, చీకట్లో వాళ్లు కళ్లు మూసుకుని ఉండగా ప్రశ్నలు కానిచ్చేదాన్ని. తొమ్మిదీ నాకు కంఠతా వచ్చు. కెమెరా తెరను నా వైపు తిప్పుకుని ఆ వెలుగులో టిక్కులు పెట్టేదాన్ని. మిగతా గదుల్లో రోజుకు పదిమంది అయితే నాకు పద్నాలుగు మంది అయ్యేవాళ్లు. పెద్ద డాక్టరు రెండుసార్లు అందరిముందూ మెచ్చుకున్నాడు కూడా. ఫారంలో 'ప్రశ్నలు ముందు' అని ఒక గడి ఉంటుంది. అందులో ప్రతిసారీ టిక్కు పెట్టాను. అది అబద్ధపు టిక్కు. ఏడు నెలలు, ఎనిమిది వందల ముప్పై ఆరు టిక్కులు.

ఇందులో పెద్ద తప్పేముందనుకున్నాను. అడిగే ప్రశ్న అదే, అడిగే మనిషిని నేనే. పైగా జనం నా దగ్గర మనసు విప్పుతున్నారని లోలోపల మురిసిపోయాను. నా గొంతులోనే ఏదో ఉందనుకున్నాను. గొప్ప అంటే గొప్పే, దాచడమెందుకు?

బస్సు కండక్టరు వచ్చింది ఒక మంగళవారం. నేను రోజూ పొద్దున ఎక్కే ఎనిమిదింపావు బస్సు కండక్టరే. ఆ బస్సుకు మా ఆస్పత్రి ఎదుటి స్టాండే ఆఖరి స్టాపు. యాభై దాటిన మనిషి, పొట్ట ముందు, నవ్వు దానికంటే ముందు. "అందరూ ముందు గేటు దగ్గరే నిలబడ్డారేంటండీ, అక్కడేమైనా సినిమా హీరో ఉన్నాడా? వెనక్కి రండి, నేనున్నాను!" అంటాడు. ఎక్కిన ప్రతివాళ్లనీ ఏదో ఒకటనాలి. నాతో అయితే రోజూ పోట్లాటే. నేనొకటంటే ఆయన రెండంటాడు, బస్సంతా నవ్వుతుంది. మా ఇద్దరి మాటలకోసమే ఆ బస్సు ఎక్కేవాళ్లున్నారని నా నమ్మకం.

చుక్కల నర్సు ఆయన్ని చెయ్యి పట్టుకుని తెచ్చి నా గదిలో కూర్చోబెట్టి వెళ్లింది. కంట్లో మందు, కళ్లు మూసుకున్నాడు, నా మొహానికి మాస్కు. గొంతు సవరించుకోగానే ఎవరో నాకు తెలిసిపోయింది. ఆయనకు నేను తెలియలేదు. నా అనౌన్సుమెంటు గొంతు ఆయనెప్పుడూ వినలేదు.

ఒక్కో ప్రశ్నా చదివాను. నిద్ర లేదన్నాడు. దేనిమీదా మనసు లేదన్నాడు. బస్సులో చెప్పే జోకులన్నీ పదేళ్ల కిందటివని, నోరు దానంతటదే చెప్పేస్తుందని, తనకు వినపడను కూడా వినపడవని అన్నాడు. తొమ్మిదో ప్రశ్న చదివాను. 

"రోజూ," అన్నాడు. ఇంకా అన్నాడు. "ఆఖరి ట్రిప్పులో అందరూ దిగి వెళ్లిపోతారు కదా. వీళ్లందరికీ వెళ్లే చోటుంది, నాకెందుకు లేదనిపిస్తుంది. ఇల్లుంది, భార్య ఉంది, చదువుకునే కూతురుంది. ఎవరికీ ఏ లోటూ లేదు. అయినా ఇంతే."

 రూలు ప్రకారం ఒక్క మాట కూడా అనలేదు. "గడ్డం ఇక్కడ ఆనించండి" అన్నాను, అంతే. ఫొటో తీశాను. కంటి వెనక గోడ కడిగిన పళ్లెంలా ఉంది. ఒక్క మచ్చ లేదు. కంప్యూటరు కూడా ఏ జబ్బూ లేదని ఆకుపచ్చ టిక్కు పెట్టింది. నేను గులాబీ చీటీ రాసి పైకి పంపాను. అప్పుడే లెక్కల పిల్ల నా గది అంకెలు పెద్ద డాక్టరుకి చూపించింది. ఆయన మూడో గది చీటీలన్నీ ఆపమన్నాడు. ఆ వారం ఆగింది ఒకే చీటీ, టోకెను నంబరు ఏడు వందల ఎనభై ఒకటి. అది కండక్టరుదే.

మర్నాడు పొద్దున బస్సెక్కాను. నోరు తెరవడానికి భయమేసింది. ఒక్క ముక్క మాట్లాడితే గొంతు గుర్తుపట్టేస్తాడని, తన గుట్టు తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుందని కుంగిపోతాడని భయం. పాసు చూపించి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆ రోజూ అంతే, తర్వాత రోజూ అంతే.

"ఏంటి మేడమ్, మౌనవ్రతమా? లేకపోతే మాటలన్నీ ఇంట్లోనే వాడేసుకుని వస్తున్నారా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేను పళ్లు బిగపట్టుకున్నాను. నాలుక చివర పది జవాబులున్నాయి. మింగాను. ఆ మింగినవన్నీ ఇంటికెళ్లి గిన్నెల మీద చూపించాను.

ఆ తర్వాత పెద్ద డాక్టరు మళ్లీ అడిగించాడు. నా గదిలో ఎక్కువ మార్కులు వచ్చిన ఇరవై మందిని ఎంచి, ఒకటో గది ఆయన్ని వాళ్ల ఇళ్లకు పంపాడు. ఆయన్ని మేమంతా స్కేలు అంటాం. అంత నిక్కచ్చి మనిషి. పట్టపగలు, వెలుతురులో, బల్లకు అటూ ఇటూ కూర్చుని, రూలు ప్రకారం అడిగి వచ్చాడు. ఇరవై మందిలో పద్దెనిమిది మంది బాగున్నామన్నారు. ఏడు వందల ఎనభై ఒకటి కూడా.

"ఆయనైతే నన్నే నవ్వించాడమ్మా," అన్నాడు స్కేలు నాతో. "'నాకేం సార్, మహారాజులా ఉన్నాను' అని టీ కూడా ఇప్పించాడు. మీరు ఎవరో అనుకుని ఎవరికో టిక్కు పెట్టేసుంటారు."

అంటే నేను దొంగ లెక్క రాసినట్టు తేలిపోయింది. ఉద్యోగం పోయేలా ఉంది. దానికి నేను బెదరను. కంటి ఫొటోలు తీయడం నాలా వచ్చినవాళ్లు దొరకడం అంత తేలిక కాదు, ఇంకో ఆస్పత్రి నన్ను కళ్లకద్దుకుని తీసుకుంటుంది. కానీ ఆ చీటీ పెద్ద డాక్టరు బల్ల సొరుగులో ఉండిపోయింది. దాని మీద ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టేశారని లెక్కల పిల్ల చెప్పింది. ఇక ఆ మనిషిని ఎవరూ పిలవరు. నిజం చెప్పినవాడికి మనం ఇచ్చేది ఇదా?

ఆ సాయంత్రం మూకుడు తోముతున్నాను. తోమడమంటే నాకూ దానికీ యుద్ధమే. మా ఆయన ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. ఎంత చప్పుడైనా పట్టించుకోడు. ఆయన కూడా లేచి పక్క గదిలోకి వెళ్లిపోయాడు. మా అత్తగారు మాత్రం కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

"ఏం చేశావే?" అంది.

"నేనేం చేశానత్తయ్యా?"

"ఎవరైనా నీకు చేసుంటే ఈపాటికి వీధి వీధంతా తెలిసేది. వారం రోజులుగా నోరు మూసుకుని గిన్నెలు సొట్టలు పెడుతున్నావంటే, చేసింది నువ్వే. ఒప్పేసుకో. ఉన్న ఒక్క కన్నుతో ఈ సొట్ట గిన్నెలు నేను చూడలేను."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మూకుడు బోర్లించి చేతులు కడుక్కున్నాను.

మర్నాడు తొమ్మిదింటికే పెద్ద డాక్టరు గదికి వెళ్లాను. లెక్కల పిల్ల అక్కడే కూర్చుని ఉంది. నిలబడే చెప్పాను.

"సార్, నేను ఒక్క జవాబు కూడా సొంతంగా రాయలేదు. కానీ వరస మార్చాను. చుక్కలు ముందు, ప్రశ్నలు తర్వాత. చీకట్లో అడిగాను."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

"మరి ఫారంలో టిక్కు?"

"అబద్ధం సార్. ఎనిమిది వందల ముప్పై ఆరు అబద్ధాలు. రోజుకు నలుగురు ఎక్కువ అవుతారని చేశాను. మీరు మెచ్చుకుంటే బాగుందని మానలేదు."

"మూడు గదుల్లో ఒకే పద్ధతి లేకపోతే ఈ సర్వేకి అర్థమే లేదమ్మా. మీకు తెలియనిదా? మీ ఫారాలన్నీ చెత్తబుట్టలో వేయాలి ఇప్పుడు."

"చెత్త కాదు సార్!" లెక్కల పిల్ల కుర్చీలోంచి లేచి నిలబడింది. పెన్ను మూత నోట్లోంచి కింద పడింది. "మనిషి వల్ల వచ్చిన తేడానో, చీకటి వల్ల వచ్చిన తేడానో ఇప్పటిదాకా మనకు తెలీదు. ఇప్పుడు తెలుసుకోవచ్చు. అన్ని గదుల్లోనూ సరి నంబరు టోకెనుకి వెలుతుర్లో అడుగుదాం, బేసి నంబరుకి చుక్కలు వేశాక చీకట్లో అడుగుదాం. రెండు నెలలు చాలు. మేడమ్‌ని మాత్రం గదిలో పెట్టొద్దు."

నన్ను గదిలో పెట్టొద్దంది! ఆ పిల్లను అక్కడే నమిలెయ్యాలనిపించింది. కానీ మాట సబబైనదే. నేనుంటే నా మీద అనుమానం అలాగే ఉంటుంది. పెద్ద డాక్టరు సరే అన్నాడు. నన్ను రేపట్నుంచి పాత ఫైళ్ల గదిలో కూర్చోమన్నాడు.

"మరి ఆ చీటీ సార్? ఏడు వందల ఎనభై ఒకటి?"

"రెండోసారి అడిగినప్పుడు ఆ మనిషే ఏమీ లేదన్నాడు. లెక్క తేలేదాకా ఆగాలి."

"లెక్క ఆగుతుంది సార్. ఎన్నాళ్లయినా ఆగుతుంది. మనిషి ఆగుతాడా?"

"బాగున్నానన్నవాణ్ణి నీకు జబ్బుందని ఇంటిమీద పడి లాక్కురాలేం కదమ్మా. తనంతట తాను వస్తే ఏ చీటీ అక్కర్లేదు, తలుపు తీసే ఉంటుంది." ఆయన గొంతు మొదటిసారి కాస్త పెరిగింది. "ఎవరు ఏం చెప్పారో ఈ గోడలు దాటకూడదు. ఆ నమ్మకంతోనే జనం మన దగ్గరికొస్తున్నారు. అది కూడా తెంపకండి."

ఆ రెండు నెలల తర్వాత ఏం తేలిందో ఇక్కడే చెప్పేస్తాను, నాకు దాచుకోవడం చేతకాదు. వెలుతుర్లో అడిగినవాళ్లలో మూడు గదుల్లోనూ నూటికి ఆరేడుగురే. చీకట్లో అడిగినవాళ్లలో మూడు గదుల్లోనూ పద్దెనిమిది, పంతొమ్మిది. స్కేలు అడిగినా అంతే. వినేవాళ్లకు ఆవలింతలొచ్చే గొంతు ఆయనది. దాంతో నా గొంతు గొప్పేమీ లేదని కూడా తేలిపోయింది. ఇప్పుడు రూలే మారింది. అన్ని గదుల్లోనూ చుక్కలే ముందు. లెక్కల పిల్ల ఈ సంగతంతా వ్యాసంగా రాసి పెద్ద పత్రికకు పంపింది. అందులో నా వరస తప్పును నాలుగు లైన్లలో ఉన్నదున్నట్టు రాసింది. చదివి బాగానే రాశావే అన్నాను.

కానీ ఆ రోజు పొద్దున ఇదేదీ ఎవరికీ తెలియదు. నాకు మాత్రం తెలుసు. నేను రాసిన ఎనిమిది వందల ముప్పై ఆరు మంది జవాబులూ నిజమేనని ఒట్టు పెట్టి చెప్పగలను. అందులోనూ ఒక జవాబు మీద ప్రాణం వేలాడుతోందని తెలుసు. పెద్ద డాక్టరు మాటల్లో ఒకటే నా చెవిలో మిగిలింది. తనంతట తాను వస్తే తలుపు తీసే ఉంటుంది.

కండక్టరు పొద్దుటి డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి మా ఆస్పత్రి ఎదుటి స్టాండులోనే దిగుతుంది. ఒంటిగంటన్నరకే వెళ్లి సిమెంటు బెంచీ మీద కూర్చున్నాను. మొదటి రూలు తెంపినందుకు సిగ్గుపడ్డాను. ఈ రెండోది తెంపబోతున్నందుకు సిగ్గుపడలేదు, ఇప్పటికీ పడను.

బస్సొచ్చింది. జనం దిగారు. డ్రైవరు ఒళ్లు విరుచుకుంటూ టీ కొట్టు వైపు వెళ్లాడు. ఎంతసేపటికీ కండక్టరు దిగలేదు. తలుపు దగ్గరికి వెళ్లి లోపలికి చూశాను. వెనక సీటులో కూర్చుని ఉన్నాడు. టిక్కెట్ల మిషను ఒళ్లో ఉంది. మొహంలో ఏమీ లేదు. రోజూ పొద్దున చూసే మొహమేనా ఇది అనిపించింది. నన్ను చూడగానే నవ్వు తెచ్చుకున్నాడు. దాన్ని తెచ్చుకోవడం కూడా నాకు కనిపించింది.

"మౌనవ్రతం మేడమ్ గారా! బస్సు ఇక్కడితో సరి, ఇక ముందుకు పోదండీ."

నేను మెట్లెక్కి ఆయన ముందు సీటు దగ్గర నిలబడ్డాను. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చాను. ఒక్కటీ గుర్తు రాలేదు. చివరికి ఆ గొంతే వచ్చింది, సర్వే గొంతు. ఎత్తూ పల్లం లేకుండా మొదటి ప్రశ్న చదవడం మొదలుపెట్టాను. "గడిచిన రెండు వారాల్లో..."

ఆయన నవ్వు ఆగిపోయింది.

"అది..." అన్నాడు. "ఆ గొంతు... మీరా?"

"నేనే."

"మిషననుకున్నానండీ." ఆయన మొహం పాలిపోయింది. "ఆ కెమెరాలోంచే వస్తోందనుకున్నాను. రికార్డు చేసి పెట్టారనుకున్నాను. మనిషని తెలిస్తే చెప్తానా నేను?"

నేను సీటు కమ్మీ పట్టుకున్నాను. ఏడు నెలలు మురిసిపోయానే, జనం నన్ను చూసి మనసు విప్పుతున్నారని! కొందరైనా మిషనుకి చెప్పుకున్నారన్నమాట. ఎంత చెప్పుకున్నా అయ్యో అనని మిషనుకి. నాకు తల తీసేసినట్టయింది.

"ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదన్నారు కదా మీ ఆస్పత్రివాళ్లు," అన్నాడు. కోపం వచ్చింది ఆయనకు. నేనెప్పుడూ చూడని కోపం. "ఇన్నాళ్లూ తెలిసే బస్సులో కూర్చున్నారా? నన్ను చూస్తూ? నా వెధవ జోకులు వింటూ?"

"అవును. భయమేసి నోరు మూసుకున్నాను. మీరు చెప్పిన రోజు కూడా నోరు మూసుకున్నాను, రూలని. ఇప్పుడు మూసుకోను. మీ చీటీ కొట్టేశారు. మళ్లీ ఒకాయన ఇంటికొచ్చి అడిగితే మహారాజులా ఉన్నానన్నారట."

"మా ఆవిడ టీ కప్పు పట్టుకుని నిలబడింది. మా అమ్మాయి తలుపు దగ్గరే ఉంది. ఏం చెప్పమంటారు నన్ను?"

 ఆయన కిటికీ వైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేముంది. కాసేపయ్యాక పైటతో మొహం తుడుచుకుని, "పదండి" అన్నాను.

"ఎక్కడికి?"

"ఎదురుగానే. రోడ్డు దాటితే చాలు. ఇవాళ నేను అడిగి తీసుకెళ్లడం కాదు, మీరే వస్తున్నారు. నేను పక్కన నడుస్తున్నాను, అంతే."

ఎంతో పోట్లాడతాడనుకున్నాను. మిషను తీసి సంచీలో పెట్టుకుని లేచాడు. అలిసిపోయినవాళ్లు ఎవరైనా పదమంటే లేస్తారే, అలా లేచాడు. మెట్ల దగ్గర ఒకసారి ఆగాడు. నేను కదలలేదు. తనే దిగాడు.

మనసు డాక్టరమ్మ గది కింది అంతస్తులో చివరన ఉంటుంది. మేం వెళ్లేసరికి ఆవిడ సంచీ భుజాన వేసుకుని తలుపు దగ్గరే ఉంది. నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసి, "ఏ చీటీ మీద?" అంది.

"చీటీ లేదు డాక్టరమ్మా. మనిషే వచ్చాడు."

ఆవిడ సంచీ తీసి మళ్లీ బల్ల మీద పెట్టింది.

"మీకు టైమైపోయిందేమోనండీ," అన్నాడాయన. మొహాన నవ్వు మళ్లీ వచ్చి కూర్చుంది. "రేపొస్తాను. నేనేం పారిపోను, ఊరంతా తిరిగి ఇక్కడికే వస్తుంది మా బండి."

ఆవిడ నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఆయన నవ్వు కొంచెంసేపు ఒంటరిగా నిలబడి తగ్గిపోయింది. కుర్చీలో కూర్చున్నాడు. కిటికీలు బార్లా తీసి ఉన్నాయి, గదినిండా మధ్యాహ్నపు ఎండ. ఆయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని నా వైపు చూశాడు.

"ఆ తొమ్మిదోది మీరే చదవండి మేడమ్," అన్నాడు. "మీరు చదివితే చెప్తాను."

నోరు తెరిచాను. ఎనిమిది వందలసార్లు చదివిన ప్రశ్న. ఫారంలో ఉన్న ముక్కలు ఒక్కటీ నోటికి రాలేదు. నేను ఆయన ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చున్నాను.

"చచ్చిపోవాలనిపిస్తోందా అన్నా?" అన్నాను.

ఆయన నా మొహంలోకే చూశాడు.

"అవును చెల్లెమ్మా," అన్నాడు.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఎప్పట్నుంచి అని అడిగింది. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు.